వేడెక్కగానే పడిపోయే ముల్లు: పాత ట్రాక్టర్‌లో ఆయిల్ ప్రెషర్ తగ్గితే ఎక్కడ వెతకాలి

పాత ట్రాక్టర్‌ని పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఆయిల్ గేజిలో ముల్లు చకచకా లేచి 40 పౌండ్ల (చదరపు అంగుళానికి) దగ్గర నిలబడుతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అదే బండిని అరగంట గట్టిగా పని చేయించి, చేతి యాక్సిలరేటర్ పూర్తిగా తగ్గించి స్లోలో పెట్టండి. ముల్లు 15కి దిగుతుంది, కాసేపటికి 8కి, చివరికి సున్నా దగ్గరున్న మేకుకు ఆనుకుని కూర్చుంటుంది. అక్కణ్ణుంచి టెన్షన్ మొదలు. చుట్టూ ఉన్నవాళ్లలో ఒకరు బేరింగులు పోయాయంటారు, ఇంకొకరు పంపు మార్చమంటారు, మరొకరు చిక్కటి ఆయిల్ పోస్తే సరిపోతుందంటారు.

ముగ్గురూ అన్నవి జరగడానికి వీలున్నవే. కానీ ఒక్క రీడింగు చూసి వాటిలో ఏది నిజమో చెప్పడం ఎవరివల్లా కాదు. నేను చెప్పదలుచుకున్నది ఇదే: ఇంజన్ కింద ఒక్క బోల్టు విప్పకముందే నాలుగు రీడింగులు రాసుకోవాలి. చల్లగా ఉన్నప్పుడు స్లోలో ఎంత, రేస్ పెంచితే ఎంత, బాగా వేడెక్కాక స్లోలో ఎంత, రేస్ పెంచితే ఎంత. ఈ నాలుగూ పక్కపక్కన పెట్టి చూస్తే వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది. అదెలాగో అర్థం కావాలంటే అసలు ఈ ప్రెషర్ ఎక్కడ పుడుతుందో తెలియాలి.

పంపు నెడుతుంది, సందు ఆపుతుంది

చాలామంది పంపు ప్రెషర్ పుట్టిస్తుందనుకుంటారు. పంపు చేసేది ఆయిల్‌ని నెట్టడం మాత్రమే. పాత ట్రాక్టర్లలో ఎక్కువగా ఉండేది గేర్ పంపు. ఒక డొప్పలో రెండు పళ్ల చక్రాలు ఒకదానితో ఒకటి కలిసి తిరుగుతూ, పళ్ల సందుల్లో చిక్కిన ఆయిల్‌ని ఇటు నుంచి అటు మోస్తాయి. ఒక చుట్టుకు ఇంత అని లెక్కగా ఆయిల్ వస్తుంది. ఆ ఆయిల్ వెళ్లే దారి బార్లా తెరిచి ఉంటే గేజిలో సున్నాయే కనిపిస్తుంది, పంపు కొత్తదైనా సరే. నీళ్ల గొట్టం చివర బొటనవేలు అడ్డం పెడితేనే కదా నీళ్లు దూరం చిమ్ముతాయి.

ఇంజన్‌లో ఆ బొటనవేలు పని చేసేవి బేరింగ్ సందులు. పంపు నుంచి వచ్చిన ఆయిల్ బ్లాకులో పొడవునా ఉన్న ప్రధాన మార్గంలోకి వెళ్తుంది. దాన్నే గ్యాలరీ అంటారు. అక్కణ్ణుంచి మెయిన్ బేరింగులకు, క్రాంక్ షాఫ్ట్ లోపలి రంధ్రాల గుండా కనెక్టింగ్ రాడ్ల బిగ్ ఎండ్ బేరింగులకు, క్యామ్ షాఫ్ట్ బుష్‌లకు, పైన రాకర్ షాఫ్ట్‌కు చేరుతుంది. ప్రతి చోటా షాఫ్ట్‌కీ బేరింగ్‌కీ మధ్య ఉన్న సన్నటి సందు పక్కల నుంచి కారి మళ్లీ ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, అంటే చాంబర్‌లో పడుతుంది. ఆ కారడం ఎంత కష్టంగా జరుగుతుందో గేజి అదే చూపిస్తుంది. కాబట్టి ప్రెషర్ తగ్గిందంటే మూడిట్లో ఒకటి జరిగి ఉండాలి. ఆయిల్ రావలసినంత రావడం లేదు, లేదా పోవలసినదానికన్నా సులువుగా పోతోంది, లేదా ఆయిలే పలచబడింది. గేజి తప్పు చూపడం నాలుగోది. అది ఇంజన్ జబ్బు కాదు గానీ చాలాసార్లు అదే తేలుతుంది.

సందు విషయంలో ఒక లెక్క గుర్తుపెట్టుకోవాలి. షాఫ్ట్ వ్యాసంలో సుమారు వెయ్యో వంతు సందు ఉండాలని మెకానిక్కులు వాడే మోటు లెక్క. అంటే 50 మిల్లీమీటర్ల జర్నల్‌కి (బేరింగ్‌లో తిరిగే షాఫ్ట్ భాగానికి) 0.05 మిల్లీమీటర్లు, తల వెంట్రుక మందానికి కాస్త అటూ ఇటూ. ఆ సందు అరిగి 0.10 అయిందనుకోండి. కారే ఆయిల్ రెట్టింపు అవుతుందనిపిస్తుంది. కాదు, సుమారు ఎనిమిది రెట్లవుతుంది. సన్నటి సందులో నుంచి కారే ఆయిల్ సందు వెడల్పును మూడుసార్లు హెచ్చించిన లెక్కలో పెరుగుతుంది. వేలికి తెలియనంత అరుగుదల గేజిలో అంత పెద్దగా కనబడటానికి కారణం ఇదే. ఒక్క బేరింగ్ బాగా వదులైతే మిగతావాటికి వెళ్లాల్సిన ఆయిల్ కూడా ఆ సందులోంచే పోతుంది.

షాఫ్ట్‌ని మోసేది గేజిలోని ప్రెషర్ కాదు

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఇది తెలిస్తే సగం భయం పోతుంది. 1883లో బ్రిటన్‌లో బోషాంప్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగులపై పరీక్షలు చేస్తున్నాడు. ఆయిల్ పోయడానికి బేరింగ్ పైభాగంలో ఒక రంధ్రం పెట్టాడు. ఇరుసు తిరగడం మొదలుపెట్టగానే ఆయిల్ ఆ రంధ్రంలోంచి పైకి పొంగింది. బిరడా పెడితే దాన్ని నెట్టేసింది. చెక్క మేకు కొడితే అదీ మెల్లగా బయటికి వచ్చేసింది. గేజి తగిలించి చూస్తే, బేరింగ్ మీద సగటున పడుతున్న బరువు లెక్కకు రెట్టింపు పైన ఒత్తిడి కనిపించింది. ఆ బేరింగ్‌కి ఏ పంపూ లేదు. తిరిగే ఇరుసే ఆయిల్‌ని తనకూ బేరింగ్‌కూ మధ్యకు లాక్కుని, పోనుపోను సన్నబడే సందులోకి ఇరికించి, ఆ పొర మీదే బరువు మోస్తోందని తేలింది. 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దానికి గణితం రాశాడు. ఇప్పటికీ బేరింగ్ లెక్కలన్నీ ఆ సమీకరణం మీదే నడుస్తాయి.

మన ఇంజన్‌కి ఇది ఎలా వర్తిస్తుందంటే, గేజి చూపే 20, 30 పౌండ్లు షాఫ్ట్‌ని పైకెత్తి పట్టుకోవు. షాఫ్ట్ తిరుగుతూ తన కింద తానే పుట్టించుకునే ఒత్తిడి అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. పంపు పని ఆ సందు ఎప్పుడూ ఆయిల్‌తో నిండి ఉండేలా చూడటం, వేడిని మోసుకుపోవడం. అందుకే తక్కువ ప్రెషర్‌తో ఏళ్ల తరబడి బాగా నడిచే పాత ఇంజన్లు ఉన్నాయి. 1917లో వచ్చిన ఫోర్డ్‌సన్ ఎఫ్ మోడల్‌కి అసలు ఆయిల్ పంపే లేదు. తిరిగే భాగాలు చిమ్మిన ఆయిల్‌తోనే దాని బేరింగులు తడిసేవి. పాత రెండు సిలిండర్ల జాన్ డీర్ బండ్లలో 10, 15 పౌండ్లు కనిపిస్తే అది మామూలే. కార్ల రేసుల నుంచి వచ్చిన లెక్క ఒకటుంది, ప్రతి వెయ్యి చుట్లకు 10 పౌండ్లు ఉండాలని. దాన్ని తెచ్చి, పూర్తి వేగంలో 975 చుట్లే తిరిగే జాన్ డీర్ ఏ మోడల్ మీద రుద్దడం తగదు. మీ ఇంజన్ మాన్యువల్‌లో ఏ వేగంలో, ఎంత వేడిలో, ఎంత ప్రెషర్ ఉండాలని రాశారో అదొక్కటే కొలత.

ఇంకో పక్క కూడా చెప్పాలి. తక్కువ వేరు, సున్నా వేరు. నడుస్తున్న ఇంజన్‌లో ముల్లు ఒక్కసారిగా సున్నాకి పడితే కారణం తర్వాత వెతకవచ్చు, ముందు ఇంజన్ ఆపేయాలి. ఆయిల్ అందని బేరింగ్ కరగడానికి ఎక్కువసేపు పట్టదు.

ముందు అనుమానించాల్సింది గేజిని

పాత ట్రాక్టర్ గేజి లోపల ఒక వంపు తిరిగిన చదునైన గొట్టం ఉంటుంది. ఒత్తిడి పెరిగితే అది విచ్చుకోవడానికి చూస్తుంది, ఆ కదలికే ముల్లును తిప్పుతుంది. యూజీన్ బూర్డాన్ అనే ఫ్రెంచివాడు 1849లో పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది. దశాబ్దాల పాటు అదురుతూ ఉన్న గొట్టం అలసిపోతుంది. ముల్లు ఇరుసులో తుప్పు పడుతుంది. ఇంజన్ ఆపినప్పుడు ముల్లు సున్నా దగ్గరే ఉందో లేదో చూడండి. ఆపినా 5 చూపిస్తుంటే, నడిచేటప్పుడు చూపే అంకె మీదా నమ్మకం పెట్టుకోలేం.

ఇంజన్ బ్లాకు నుంచి గేజికి వచ్చే సన్నటి రాగి గొట్టంలో గట్టిపడిన మడ్డి పేరుకుంటే ముల్లు బద్ధకంగా లేస్తుంది, మెల్లగా దిగుతుంది. గొట్టాన్ని బ్లాకు దగ్గర విప్పి, మంచిదని తెలిసిన ఇంకో మెకానికల్ గేజిని నేరుగా అక్కడే బిగించి చూడాలి. పావుగంట పని. ఇది చేయకుండా చాంబర్ దించకూడదని నా గట్టి అభిప్రాయం. గేజి ఎక్కడ తగిలించారన్నది కూడా గమనించాలి. ఆయిల్ అంతా ఫిల్టర్ గుండానే వెళ్లే ఇంజన్లలో గేజి ఫిల్టర్‌కి ముందుంటే, ఫిల్టర్ మూసుకుపోయినా ముల్లు నిండుగానే కనిపించవచ్చు, అవతల బేరింగులకు మాత్రం ఆయిల్ తక్కువగా అందుతుంటుంది.

ఆయిల్ ఏం చెబుతోంది

డిప్‌స్టిక్ తీసి చూడటం అందరూ చేస్తారు. మట్టం తగ్గిందా అనే చూస్తారు. మట్టం పెరిగిందా అన్నది అంతకన్నా ముఖ్యం. ఎవరూ పోయకుండా ఆయిల్ పెరగదు. పెరిగిందంటే డీజిలో, పెట్రోలో, నీళ్లో కలిశాయన్నమాట.

డీజిల్ బండిలో లిఫ్ట్ పంపు డయాఫ్రం చిరిగితే డీజిల్ నేరుగా చాంబర్‌లోకి దిగుతుంది. ట్యాంకు పైనుండి పెట్రోలు తనంతట తానే కిందకు వచ్చే బండ్లలో, కార్బ్యురేటర్ ఫ్లోట్ దగ్గరున్న సూది సరిగ్గా మూసుకోకపోతే, రాత్రంతా పెట్రోలు కారి, సిలిండర్ గోడల మీదుగా జారి ఆయిల్‌లో కలుస్తుంది. ట్యాంకు కింద ఉన్న కుళాయిని పని అయ్యాక కట్టేయమని చెప్పడం వెనక కారణం అదే. కిరోసిన్ మీద నడిచే పాత ట్రాక్టర్లకు ఈ బాధ పుట్టుకతో వచ్చిందే. ముందు పెట్రోలుతో స్టార్ట్ చేసి, ఇంజన్ బాగా వేడెక్కాకే కిరోసిన్‌కి మార్చాలి. వేడెక్కకముందే మారిస్తే ఆవిరి కాని కిరోసిన్ కిందకు దిగి ఆయిల్‌ని పలచన చేస్తుంది.

పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. వేడి ఇంజన్ నుంచి డిప్‌స్టిక్ తీసి, ఒక చుక్క ఆయిల్‌ని పీల్చుకునే కాగితం మీద వదిలి కొన్ని గంటలు అలా ఉంచండి. మామూలు ఆయిల్ నల్లటి మచ్చగా, అంచు మెల్లగా పలచబడుతూ నిలుస్తుంది. ఇంధనం కలిసి ఉంటే ఆ నల్ల మచ్చ చుట్టూ రంగు లేని తడి వలయం దూరంగా పాకుతుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన కూడా తెలుస్తుంది. నీటి అనుమానం ఉంటే ఒక చుక్కను బాగా వేడిగా ఉన్న ఇనుప రేకు మీద వేయండి, నీళ్లుంటే చిటపటమంటుంది. పాలు కలిపిన కాఫీ రంగుకు తిరిగిన ఆయిల్‌ని పరీక్ష చేయక్కర్లేదు, చూస్తేనే తెలుస్తుంది. నీరు చేరే దారులు హెడ్ గ్యాస్కెట్, పగిలిన బ్లాకు లేదా హెడ్. ఫెర్గూసన్ టీఈ20 లాగా నీళ్లు నేరుగా తాకే వెట్ లైనర్లున్న ఇంజన్లలో లైనర్ల అడుగున ఉండే సీళ్లు కూడా.

వేడి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 30 గ్రేడు ఆయిల్ చిక్కదనం 40 డిగ్రీల దగ్గర ఎంత ఉంటుందో, 100 డిగ్రీలకు వచ్చేసరికి అందులో సుమారు తొమ్మిదో వంతే మిగులుతుంది. కాబట్టి చల్లటి ఇంజన్‌లో వచ్చే 40 పౌండ్లు ఆయిల్ గొప్పతనమే తప్ప ఇంజన్ ఆరోగ్యానికి సాక్ష్యం కాదు. ఖాళీగా పది నిమిషాలు తిప్పి వేడి రీడింగు అనుకోవడం కూడా పొరపాటే. రేడియేటర్ నీళ్లు వేడెక్కినంత త్వరగా చాంబర్‌లో ఆయిల్ వేడెక్కదు. అరగంటైనా బరువు లాగించాలి.

నాలుగు రీడింగులు చదవడం

చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక స్లోలో పడిపోయి, రేస్ పెంచగానే మళ్లీ లేస్తే అది అరుగుదల లేదా పలచబడిన ఆయిల్. ఎక్కువ పాత ట్రాక్టర్ల కథ ఇదే. స్లోలో పంపు తక్కువ ఆయిల్ ఇస్తుంది, పలచబడ్డ ఆయిల్ వదులైన సందుల్లో సులువుగా పోతుంది, అందుకే అక్కడ ముందు బయటపడుతుంది.

చల్లటి చిక్కటి ఆయిల్‌తో కూడా ప్రెషర్ రాకపోతే వేరే కథ. చిక్కటి ఆయిల్ అరిగిన బేరింగ్ దగ్గర కూడా కొంత అడ్డుపడుతుంది. అయినా ముల్లు లేవలేదంటే ఎక్కడో పెద్ద దారి తెరుచుకుని ఉంది, లేదా పంపుకి ఆయిలే అందడం లేదు. రిలీఫ్ వాల్వ్ (మిగులు ఆయిల్‌ని చాంబర్‌లోకి వదిలే వాల్వ్) తెరుచుకుని ఇరుక్కోవడం, గ్యాలరీ చివర బిరడా ఊడిపోవడం, పంపు డ్రైవ్ తెగడం లాంటివి చూడాలి.

రేస్ పెంచితే ప్రెషర్ పెరగాల్సింది పోయి తగ్గితే, పంపు పీల్చే వైపు అడ్డం ఉంది. సగం మూసుకున్న జల్లెడ గుండా స్లోలో కావలసినంత ఆయిల్ వస్తుంది, వేగం పెరిగాక రాదు. ముల్లు వణుకుతుంటే పంపు గాలి కూడా పీలుస్తోంది: మట్టం తక్కువై ఉండాలి, లేదా పీల్చే గొట్టంలో పగులో, దాని గ్యాస్కెట్ దగ్గర సందో. మట్టం మరీ ఎక్కువైనా ఇదే జరుగుతుంది, ఎందుకంటే క్రాంక్ ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది. ఏటవాలులో మాత్రమే పడిపోతే ముందు డిప్‌స్టిక్ ఆ ఇంజన్‌దేనా అని చూడండి. పాత బండ్లకు వేరే బండి డిప్‌స్టిక్ తగిలించి ఉండటం మామూలే.

రిలీఫ్ వాల్వ్, దాని మీద జరిగే అన్యాయం

పూర్తి వేగంలో పంపు ఇంజన్‌కి కావలసినదానికన్నా ఎక్కువ ఆయిల్ ఇస్తుంది. ప్రెషర్ ఒక హద్దు దాటగానే స్ప్రింగు మీద కూర్చున్న బంతో పిస్టనో వెనక్కి జరిగి, మిగులు ఆయిల్‌ని చాంబర్‌లోకి వదిలేస్తుంది. బిగింపు బయటికి కనిపిస్తుంది కాబట్టి అందరి చెయ్యీ ముందు దాని మీదే పడుతుంది. స్ప్రింగు కింద వాషర్లు పెడతారు, స్ప్రింగుని సాగదీస్తారు.

జాగ్రత్తగా ఆలోచించండి. వేడి ఇంజన్ స్లోలో 8 పౌండ్లు చూపుతున్నప్పుడు, 40 దగ్గర తెరుచుకోవాల్సిన వాల్వ్ మూసుకునే ఉంటుంది. మూసుకుని ఉన్న తలుపుకి ఇంకో గడియ వేస్తే లోపల ఏం మారుతుంది? వాషర్ పెడితే పూర్తి వేగంలో అంకె పెరుగుతుంది, చల్లటి ఉదయాన మరీ పెరిగి ఫిల్టర్ సీలుకీ పంపు డ్రైవ్‌కీ బరువవుతుంది, వేడి స్లోలో మాత్రం 8 అలాగే ఉంటుంది. వాల్వ్ నిజంగా తప్పు చేసేది ఎప్పుడంటే, కూర్చునే చోట చెత్త ఇరుక్కున్నప్పుడు, సీటు అరిగి గాడి పడ్డప్పుడు, స్ప్రింగు విరిగినప్పుడు. అది తీసి, కడిగి, పిస్టన్ తన గూట్లో తన బరువుతోనే జారుతోందా అని చూడండి. స్ప్రింగు పొడవుని మాన్యువల్‌లో ఇచ్చిన అంకెతో పోల్చండి. పొట్టిదైతే సరైనది కొత్తది వేయాలి.

జల్లెడ, పంపు

చాంబర్ దించినప్పుడు నేను ముందు చూసేది అడుగున ఏముందని. నల్లటి జామ్ లాంటి మడ్డి ఒక అంగుళం మందాన పేరుకున్న చాంబర్లు చూశాను. పాత రోజుల్లో డిటర్జెంట్ లేని ఆయిల్ వాడేవారు. అది మురికిని మోయదు, అడుగున దింపేస్తుంది. అలాంటి ఇంజన్‌లో ఒక్కసారిగా ఇప్పటి డిటర్జెంట్ ఆయిల్ పోస్తే, గోడలకు అంటుకున్న మడ్డి కొంత వదిలి జల్లెడ మీదకు చేరవచ్చు. ఇది చూసి డిటర్జెంట్ ఆయిల్ పాత ఇంజన్లకు విషమని ప్రచారం చేస్తారు. తప్పు ఆయిల్‌ది కాదు. చాంబర్ దించి, మడ్డి గీకి, జల్లెడ కడిగి, ఆ తర్వాత పోయండి. ఇంజన్ శుభ్రంగా ఉంటుంది.

ఒకసారి, ఎక్కడో ఇంజన్ విప్పి బిగించి పంపిన బండి నా దగ్గరకు వచ్చింది. రేస్ పెంచితే ప్రెషర్ పడిపోయేది. చాంబర్ దించితే జల్లెడ మీద నీలంరంగు వానపాముల్లాంటివి నాలుగైదు అతుక్కుని ఉన్నాయి. చాంబర్ గ్యాస్కెట్‌కి ధారాళంగా రాసిన సిలికాన్, బిగించినప్పుడు లోపలి వైపు ఉబ్బి, ఊడి, జల్లెడ దాకా కొట్టుకొచ్చింది. చిమటాతో తీసేశాం. ఇంకేమీ చేయలేదు, ముల్లు నిలబడింది.

పంపు విప్పితే కొలవాల్సిన ముఖ్యమైన చోటు గేర్ల చివరికీ మూతకీ మధ్య సందు. పంపు ముఖం మీద స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి, దాని కింద ఫీలర్ గేజి దూర్చి చూడాలి. 0.05 నుంచి 0.10 మిల్లీమీటర్ల లోపు ఉంటే సాధారణంగా మంచి పంపే. మూత లోపలి వైపు గోటితో గీయండి. గేర్లు తిరిగిన చోట వృత్తాకారంలో గాడి గోటికి తగిలితే, ఆయిల్ ఆ గాడిలోంచే వెనక్కి పోతోంది. చదునైన అద్దం మీద సన్నటి ఎమరీ కాగితం పరిచి, ఆయిల్ వేసి, మూతని ఎనిమిది ఆకారంలో రుద్దితే గాడి పోతుంది. మూతకి గ్యాస్కెట్ ఉంటే అసలు మందం ఉన్నదే వేయాలి. మందపు కాగితంతో కత్తిరించి వేసిన గ్యాస్కెట్ ఒక్కటే మంచి పంపుని చెడగొడుతుంది.

పంపా, బేరింగులా: చుక్కలు లెక్కపెట్టడం

అరిగిన పంపు, అరిగిన బేరింగులు గేజిలో ఒకేలా కనిపిస్తాయి. అక్కడే చాలామంది ఊహ మీద డబ్బు ఖర్చుపెడతారు. దీన్ని తేల్చే పాత పద్ధతి ఒకటుంది, నాకు ఈ మొత్తంలో బాగా నచ్చేది అదే.

ఒక చిన్న ట్యాంకులో 30 గ్రేడు ఆయిల్ పోసి, కంప్రెసర్ గాలితో దాని మీద 25 పౌండ్ల ఒత్తిడి నిలపాలి. చాంబర్ దించిన ఇంజన్‌లో, గేజి గొట్టం తగిలే చోట ఆ ట్యాంకు గొట్టం బిగించి ఆయిల్ లోపలికి వదలాలి. ఇంజన్ తిరగదు, పంపుతో పని లేదు. దీపం పట్టుకుని కింద పడుకుని చూడాలి. మంచి బేరింగ్ పక్కల నుంచి ఆయిల్ చుక్కలు చుక్కలుగా రాలుతుంది, నిమిషానికి 20 నుంచి 150 లోపు. చుక్కలు కలిసిపోయి ధారగా కారితే అది వదులు. అసలేమీ రాకపోతే ఆ దారి మూసుకుపోయింది, అది ధార కన్నా ప్రమాదం. క్రాంక్‌ని చేత్తో కొద్దికొద్దిగా తిప్పుతూ ప్రతి బేరింగ్‌నీ రెండు మూడు స్థానాల్లో చూడాలి, ఎందుకంటే రంధ్రాలు ఎదురెదురుగా వచ్చిన క్షణంలో మంచి బేరింగ్ కూడా ధార కడుతుంది. అన్ని బేరింగులూ చుక్కల్లోనే ఉంటే పంపు, రిలీఫ్ వాల్వ్ వైపు తిరగండి. వెనక క్యామ్ బుష్ దగ్గర నుంచి తెరలా కారుతుంటే అదే దొంగ. బిగ్ ఎండ్‌లు మార్చి మార్చి అలసిపోయిన ఇంజన్లలో క్యామ్ బుష్‌లు ఎవరూ ముట్టుకోకుండా మిగిలిపోవడం చాలాసార్లు చూశాను.

ఆ ఏర్పాటు లేకపోతే బేరింగ్ క్యాపులు ఒక్కొక్కటిగా విప్పి చూడాలి. రాడ్‌లో పేలుడు దెబ్బ పైన ఉన్న షెల్ (బేరింగ్‌లో ఉండే సగం గుండ్రటి రేకు) మీద పడుతుంది, మెయిన్‌లో కింది క్యాపులో ఉన్న షెల్ మీద. అక్కడే ముందు చూడాలి. మంచి షెల్ మబ్బు పట్టిన వెండిలా ఒకే బూడిద రంగులో ఉంటుంది. మధ్యలో రాగి రంగు తేలితే పై పొర అరిగిపోయింది. గోటికి తగిలే గీతలుంటే మురికి తిరిగింది. సందు కొలవడానికి ప్లాస్టిగేజ్ అనే సన్నటి దారం లాంటిది దొరుకుతుంది. జర్నల్ మీద ఒక ముక్క అడ్డంగా పెట్టి, క్యాప్ సరైన బిగువుకి బిగించి, షాఫ్ట్ తిప్పకుండా మళ్లీ విప్పాలి. నలిగి ఎంత వెడల్పు అయిందో ప్యాకెట్ మీదున్న గీతలతో పోల్చితే సందు తెలుస్తుంది. జర్నల్‌ని మైక్రోమీటర్‌తో రెండు దిక్కులా కొలవాలి. కోడిగుడ్డులా మారిన జర్నల్ మీద కొత్త షెల్స్ వేస్తే ముల్లు కొన్నాళ్లు లేస్తుంది, మళ్లీ పడిపోతుంది. అప్పుడు క్రాంక్ గ్రైండింగ్, దానికి తగిన 0.25 లేదా 0.50 మిల్లీమీటర్ల అండర్‌సైజు షెల్స్ తప్ప దారి లేదు.

ఇంకా పాత ఇంజన్లలో విడి షెల్స్ ఉండవు. బాబిట్ అనే మెత్తటి తెల్లటి లోహాన్ని కరిగించి నేరుగా పోసి చెక్కుతారు. అమెరికాకు చెందిన ఐజాక్ బాబిట్ 1839లో పేటెంటు పొందిన పద్ధతి నుంచి ఆ పేరు వచ్చింది. వాటిలో క్యాపు కింద పలచటి రేకులు పెట్టి ఉంటాయి. బేరింగ్ అరిగినకొద్దీ ఒక్కో రేకు తీసి సందు సరిచేస్తారు, అది ఆ ఇంజన్ కట్టినవాళ్లు ఉద్దేశించిన పద్ధతే. అది చూసి షెల్స్ ఉన్న ఇంజన్‌లో క్యాపుల్ని ఆకురాయితో అరగదీసేవాళ్లున్నారు. ఆ క్యాపు ఇక ఎప్పటికీ గుండ్రంగా ఉండదు. దయచేసి ఆ పని చేయకండి.

చెవి కూడా వాడాలి. ప్రెషర్ తక్కువగా ఉండి, లోడు మీద లోతుగా దబ్ దబ్‌మని వినిపిస్తే మెయిన్ వైపు అనుమానం. వేగం ఉన్నట్టుండి తగ్గించినప్పుడు టకటకమంటే రాడ్ వైపు. ఒక్కో సిలిండర్‌నే ఆపి చూడండి, పెట్రోలు బండైతే ప్లగ్ షార్ట్ చేసి, డీజిల్ అయితే ఇంజెక్టర్ పైపు నట్టు కాస్త వదులు చేసి. ఏ సిలిండర్ ఆపితే చప్పుడు తగ్గుతుందో ఆ రాడ్‌నే ముందు విప్పాలి.

కొత్తగా కట్టిన ఇంజన్‌లోనూ ప్రెషర్ రాకపోతే

ఇది మనిషిని బాగా కుంగదీసే పరిస్థితి. క్రాంక్ కొత్తది, షెల్స్ కొత్తవి, ముల్లు మాత్రం కదలదు. ఇక్కడ అరుగుదల గురించి ఆలోచించకుండా, ఏది వేయడం మరిచిపోయామో ఆలోచించాలి. గ్యాలరీ కడగడానికి తీసిన బిరడాల్లో టైమింగ్ గేర్ల వెనక ఉండేది ఒకటి తిరిగి వేయకపోవడం చాలా తరచుగా జరిగేదే. బయటికి కారదు కాబట్టి ఎవరికీ కనిపించదు, ఆయిల్ లోలోపలే చాంబర్‌లో పడుతుంది. కొంత ఆయిల్‌నే వడకట్టి చాంబర్‌కి వదిలేసే బైపాస్ ఫిల్టర్ ఉన్న బండ్లలో, ఆ దారిలో సూది బెజ్జం లాంటి ఒక అడ్డం ఉంటుంది. అది ఉన్న నట్టు పోయిందని మామూలు నట్టు వేస్తే, ఫిల్టర్ గుండా ఆయిల్ అడ్డూ అదుపూ లేకుండా పోతుంది. ఫిల్టర్ గొట్టాన్ని కాసేపు మూసి చూస్తే వెంటనే తేలిపోతుంది. రాకర్ మూత తీసి స్లోలో చూడండి: ఆయిల్ మెల్లగా ఊరాల్సిన చోట పొంగుతుంటే రాకర్ షాఫ్ట్ అరిగింది, లేదా అక్కడికి వెళ్లే దారిలో ఉండాల్సిన అడ్డం లేదు.

చిక్కటి ఆయిల్ గురించి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. అన్నీ వెతికి, అరుగుదల అని తేలి, ఇంజన్ చప్పుడు లేకుండా నడుస్తుంటే, అప్పుడప్పుడూ ప్రదర్శనలకు తిప్పే బండికి 30 బదులు 40 గ్రేడు పోయడంలో తప్పు లేదు. రోజూ బరువు లాగే బండికి మాత్రం అది కట్టు కట్టడమే. చల్లటి ఉదయం చిక్కటి ఆయిల్ బేరింగుల దాకా చేరడానికి ఎక్కువసేపు పడుతుంది, ఆ కొద్ది సేపట్లోనే అరుగుదల ఎక్కువ. వెతకకముందే చిక్కటి ఆయిల్ పోస్తే అసలు కారణం ముల్లు వెనక దాక్కుంటుంది.

మళ్లీ బిగించేటప్పుడు పంపు గేర్ల మధ్య ఆయిలో వాసెలినో నింపి మూత వేయండి, గ్రీజు వద్దు. ఖాళీ పంపు గాలిని తిప్పుతూ ఉండిపోతుంది, ఆయిల్‌ని పైకి లాగలేదు. తర్వాత గేజి గొట్టం బ్లాకు దగ్గర విప్పి ఉంచి, పెట్రోలు బండైతే ప్లగ్‌లు తీసి, డీజిల్ అయితే ఇంధనం కట్టేసి, ఆ రంధ్రంలోంచి ఆయిల్ బుడగలు లేకుండా వచ్చేదాకా స్టార్టర్‌తోనో హ్యాండిల్‌తోనో తిప్పండి. అప్పుడు గేజి బిగించి స్టార్ట్ చేయండి. పది సెకన్లలో ముల్లు లేవకపోతే ఆపేయండి. లేస్తే అరగంట లోడు మీద నడిపి, ఆ నాలుగు రీడింగులూ మళ్లీ తీసి, పాతవాటి పక్కనే తేదీ వేసి రాసుకోండి.